ఎలక్ట్రానిక్ భూతద్దం: వాడే పద్ధతి, కాపాడుకునే పద్ధతి

మన వసతి గృహ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడమ్ గారు ఫోన్ చేసినప్పుడు కవిత పంపుతానన్నాను. "కవితలు ఇప్పటికే పద్నాలుగు వచ్చాయమ్మా, పిల్లలకు పనికొచ్చేది ఏదైనా రాయి" అన్నారు. నాకు బాగా తెలిసినదీ, ఇతరులకు పనికొచ్చేదీ ఒక్కటే ఉంది. నాలుగేళ్లపాటు నా సంచిలో అన్నం డబ్బా పక్కనే ఉన్న ఎలక్ట్రానిక్ భూతద్దం. దాని గురించే ఈ పాఠం.

చెల్లెళ్లారా, నేను 2013 నుండి 2018 వరకు, ఆరో తరగతి నుండి పదో తరగతి దాకా, ఈ హాస్టల్లోనే ఉన్నాను. ఇటీవలే ఎం.ఎస్సీ. ఫిజిక్స్ పూర్తి చేశాను. అమ్మానాన్నలు మిరపకోతలకు పోయి మమ్మల్ని పెంచారు. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషిని నేనే. చూశాను అంటే నిజంగా చూడటానికి కూడా ఆ యంత్రమే కావలసి వచ్చింది. పట్టా మీద నా పేరు సరిగా పడిందో లేదో దాని కింద పెట్టి చదువుకున్నాను.

ఏడో తరగతిలో మొదలైంది. బోర్డు మీద నేను ఏ అక్షరం వైపు చూస్తే ఆ అక్షరమే మాయమయ్యేది. దాని పక్కవి కనిపించేవి. మూడుసార్లు కళ్లజోడు మార్చారు, తేడా రాలేదు. ఒక టీచర్ గారు "చూచి రాయడం కూడా చేతకాదా, సోమరిపోతు!" అనేవారు. నాకూ అదే నిజమేమో అనిపించేది. ఇంటర్ రెండో సంవత్సరంలో, 2019లో, నగరంలోని పెద్ద కంటి ఆసుపత్రికి తీసుకువెళితే స్టార్‌గార్ట్ వ్యాధి అన్నారు. రెటీనా మధ్యలో సూటిగా చూడటానికి పనికొచ్చే భాగాన్ని మాక్యులా అంటారు. ఈ వ్యాధిలో అది దెబ్బతింటుంది. ఇది వంశపారంపర్యంగా వచ్చేది. డాక్టర్ గారు ముందుగా అడిగిన ప్రశ్న "మేనరికమా?" అని. అవును, మేనరికమే. కళ్లజోడు కాంతిని సరిగ్గా రెటీనా మీద కేంద్రీకరిస్తుంది, అంతే. రెటీనాయే దెబ్బతింటే ఎన్ని జోళ్లు మార్చినా ప్రయోజనం ఉండదు. ఈ ఒక్క ముక్క ఏడో తరగతిలో తెలిసి ఉంటే నాకు ఐదేళ్లు కలిసివచ్చేవి.

అల్పదృష్టి అంటే ఏమిటి?

దీన్ని ఆసుపత్రుల్లో లో విజన్ అంటారు. పూర్తి అంధత్వం కాదు, మామూలు చూపూ కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, మంచి కళ్లజోడు పెట్టిన తర్వాత కూడా రెండు కళ్లలో మెరుగైన కంటిచూపు 6/18కి మించకుండా 3/60 వరకు ఉంటే, లేదా చూపు వైశాల్యం 40 డిగ్రీల కంటే తగ్గి 10 డిగ్రీల వరకు ఉంటే అది అల్పదృష్టి. 6/18 అంటే మామూలు చూపున్నవారు 18 మీటర్ల నుండి చదవగలిగిన అక్షరాన్ని మనం 6 మీటర్ల దగ్గరకు వస్తేగాని చదవలేమని అర్థం.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. అల్పదృష్టి ఉన్నవారందరికీ ఒకే విధంగా కనిపించదు. నాకు మధ్యలో మసక, చుట్టూ బాగానే కనిపిస్తుంది. రేచీకటితో మొదలయ్యే రెటినైటిస్ పిగ్మెంటోసా ఉన్నవారికి దాదాపు తలకిందులు. మధ్యలో కనిపిస్తుంది, చుట్టూ కుంచించుకుపోతుంది, గొట్టంలోంచి చూసినట్టు. ఆల్బినిజం, అంటే పుట్టుకతో ఒంట్లో రంగు లేనివారికి వెలుతురు పడదు, కనుగుడ్లు ఊగుతుంటాయి. అందుకే ఒకరికి కుదిరిన యంత్రం, ఒకరికి కుదిరిన అమరిక ఇంకొకరికి కుదరకపోవచ్చు. "అక్క 10 రెట్లు పెట్టుకుంది కాబట్టి నేనూ 10 రెట్లు" అనుకోరాదు.

మామూలు భూతద్దం చాలదా?

చాలామందికి చాలుతుంది. తక్కువ పెద్దరికం కావలసినవారు ముందు దానితోనే మొదలుపెట్టాలి. చార్జింగ్ అక్కర్లేదు, పాడయ్యేది లేదు. అయితే భూతద్దానికి ఒక చిక్కు ఉంది. దాని శక్తి పెరిగేకొద్దీ నాభ్యంతరం తగ్గుతుంది, అద్దం చిన్నదవుతుంది. 20 డయాప్టర్ల కటకం నాభ్యంతరం 5 సెంటీమీటర్లు. మామూలు లెక్కలో డయాప్టర్లను 4తో భాగిస్తే వచ్చేదే పెద్దరికం, అంటే 5 రెట్లు. అలాంటి దానితో చదవాలంటే పుస్తకం నుండి 5 సెంటీమీటర్లలోపే అద్దాన్ని పట్టుకోవాలి, కన్ను కూడా దగ్గరకు తేవాలి. గంటసేపటికి మెడ పట్టేస్తుంది. మన నీడే పుస్తకం మీద పడుతుంది. పైగా భూతద్దం అక్షరాన్ని పెద్దది చేస్తుందేగాని, వెలిసిపోయిన జిరాక్సును నల్లగా చేయలేదు.

ఎలక్ట్రానిక్ భూతద్దం ఆ పని చేస్తుంది. అందులో ఒక కెమెరా, ఒక తెర, చిన్న ఎల్‌ఈడీ దీపాలు ఉంటాయి. కెమెరా పుస్తకాన్ని చూస్తుంది, మనం తెరను చూస్తాం. అక్షరాన్ని పెద్దది చేయడమే కాకుండా, బూడిద రంగు అక్షరాన్ని నలుపు చేయగలదు, తెల్ల కాగితాన్ని నల్లగా, నల్ల అక్షరాన్ని తెల్లగా తిప్పి చూపగలదు. ఈ ఆలోచనను 1960ల చివర్లో అమెరికాలోని ర్యాండ్ సంస్థలో పనిచేసిన శామ్యూల్ జెనెన్‌స్కీ బాగా ముందుకు తీసుకువెళ్లారు. ఆయన గణిత శాస్త్రవేత్త, ఆయనకే చూపు చాలా తక్కువ. తనకు కావలసినది తానే తన సహచరులతో కలిసి తయారు చేసుకున్నారన్నమాట. అప్పట్లో అది టీవీ కెమెరా, టీవీ పెట్టె కలిపిన పెద్ద సరంజామా. అందుకే పాతవారు ఇప్పటికీ దీన్ని సీసీటీవీ అనే పిలుస్తారు. మా అమ్మ ఆ పేరు విని "దొంగల్ని పట్టేదా?" అని అడిగింది.

ఇప్పుడు దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి బల్ల మీద పెట్టేది: పెద్ద తెర, కింద అటూ ఇటూ, ముందుకూ వెనక్కూ జరిగే పలక. పుస్తకాన్ని పలక మీద పెట్టి పలకనే జరుపుతాం. రెండోది చేతిలో పట్టేది: సాధారణంగా నాలుగైదు అంగుళాల తెర, లోపల బ్యాటరీ. మొదటిది లైబ్రరీకి, రెండోది సంచికి. బ్యాంకు చలాన్, మందు సీసా మీది గడువు తేదీ, బస్సు టికెట్టు, హాస్టల్ నోటీసు, ఇవన్నీ రెండోదానితోనే అవుతాయి. హాస్టల్లో ఉండేవారికి మొదట కావలసింది అదే అని నా అభిప్రాయం.

ఎన్ని రెట్లు పెట్టాలి?

అందరూ చేసే పొరపాటు ఇక్కడే. నేనూ చేశాను. యంత్రం 2021లో నా చేతికి వచ్చిన రోజు, డిగ్రీ మొదటి సంవత్సరంలో, దాన్ని చివరిదాకా పెంచి పెట్టాను. ఒక్కో అక్షరం అప్పడమంత కనిపించింది. ఆనందంతో ఏడ్చేశాను కూడా. కాని ఒక్క పేజీ చదవడానికి నలభై నిమిషాలు పట్టింది. పేజీ చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో గుర్తులేదు.

కారణం చిన్న లెక్క. ఐదు అంగుళాల తెర వెడల్పు సుమారు 11 సెంటీమీటర్లు. 4 రెట్లు పెడితే ఒకేసారి కాగితం మీద 11ని 4తో భాగించినంత, అంటే రెండు సెంటీమీటర్ల ముప్పావు మేర కనిపిస్తుంది. తెలుగు పాఠ్యపుస్తకంలో అది దాదాపు ఎనిమిది తొమ్మిది అక్షరాలు. 8 రెట్లు పెడితే నాలుగే అక్షరాలు. "విశ్వవిద్యాలయం" అనే మాటలో ఆరు అక్షరాలు. అంటే ఒక్క మాట కూడా తెరలో పట్టదు. మాటను ముక్కలు చేసి మనసులో అతికించుకోవాలి. అదే 24 అంగుళాల తెర అయితే వెడల్పు 53 సెంటీమీటర్లు, 8 రెట్లకు కూడా ఆరున్నర సెంటీమీటర్ల కాగితం కనిపిస్తుంది. పెద్దరికం పెరిగినంత ఖచ్చితంగా చూపు మేర తగ్గుతుంది. కాబట్టి హాయిగా చదవగలిగిన వాటిలో అన్నిటికంటే తక్కువ పెద్దరికమే మనకు సరైనది.

అది తెలుసుకోవడానికి ఆసుపత్రిలో నాకు చెప్పిన పద్ధతి ఇది. కంప్యూటర్ మీద రకరకాల సైజుల్లో నాలుగు వాక్యాలు ప్రింటు తీసుకోండి. మీరు ఎప్పుడూ చదివే దూరంలో, యంత్రం లేకుండా, కష్టపడి అయినా చదవగలిగిన అతిచిన్న సైజు చూడండి. అది 16 పాయింట్లు అనుకుందాం. కష్టపడి చదవడం వేరు, ధారగా చదవడం వేరు. ధారగా చదవాలంటే దానికి కనీసం రెట్టింపు కావాలి, అంటే 32. మీ పుస్తకం 11 పాయింట్లలో ఉంటే 32ను 11తో భాగించండి. సుమారు 3 రెట్లు. అక్కడ మొదలుపెట్టి కాస్త అటూ ఇటూ జరుపుకోవాలి.

ఇంకొక కిటుకు. యంత్రం మీద "6 రెట్లు" అని కనిపించినా నమ్మవద్దు. స్కేలును దాని కింద పెట్టి, తెర మీద ఒక సెంటీమీటరు ఎంత పొడవు కనిపిస్తుందో ఇంకొక స్కేలుతో కొలవండి. 4 సెంటీమీటర్లు వస్తే అది 4 రెట్లే. ఇక తెరను 40 సెంటీమీటర్ల నుండి 20 సెంటీమీటర్లకు దగ్గరగా తెచ్చుకుంటే కంటికి మళ్లీ రెట్టింపు అవుతుంది. మీటలు నొక్కే ముందు కుర్చీ దగ్గరకు లాక్కోండి, సగం పని అయిపోతుంది. "దగ్గరగా చూస్తే కళ్లు పోతాయి" అని ఇంట్లో తిడతారు. అల్పదృష్టి ఉన్నవారు దగ్గర నుండి చదివినందువల్ల కన్ను పాడవదని డాక్టర్ గారు మా అమ్మకు స్వయంగా చెప్పవలసి వచ్చింది.

గొట్టంలోంచి చూసినట్టు కనిపించేవారు ఎక్కువ రెట్లు పెడితే అక్షరం వారి చూపు వలయం దాటి బయటకు పోతుంది. వారికి పెద్దరికం కంటే అక్షరానికి, కాగితానికి మధ్య రంగు తేడా ముఖ్యం.

తెలుగు చదవడంలో ప్రత్యేక కష్టాలు

యంత్రంతోపాటు వచ్చే పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాల సంగతే ఉంటుంది. మనకు ఆ సుఖం లేదు. తెలుగు అక్షరానికి పైన గుడి, కొమ్ము, ఏత్వం, కింద ఒత్తులు. తెర కాస్త పైకి జరిగితే "అన్నం" కాస్తా "అనం" అవుతుంది, కిందికి జరిగితే గుడి ఎగిరిపోతుంది. అందువల్ల వరుస పైనా కిందా ఖాళీ కనిపించేంత తక్కువ రెట్లు పెట్టుకోవడం తెలుగుకు మరీ అవసరం. ద, ధ, థ, ర, ఠ, ఇలాంటి వాటిలో తేడా ఒక చుక్క, ఒక చిన్న గీత. తెలియని మాట వచ్చినప్పుడు మాత్రం ఒక్క క్షణం పెద్దది చేసి చూసి, మళ్లీ తగ్గించుకోవాలి. చాలా యంత్రాల్లో బొమ్మను ఆపి ఉంచే మీట ఉంటుంది. ఆపి, ఆ బొమ్మనే పెద్దది చేయవచ్చు. గోడమీద ఎత్తుగా అంటించిన నోటీసుకు చెయ్యి చాచి బొమ్మ పట్టుకుని, కిందికి దించి చదువుకోవడానికి కూడా ఇదే మీట.

వరుస తప్పిపోవడం ఇంకొక పెద్ద బాధ. కుడి చివరికి వెళ్లాక, తర్వాతి వరుస మొదలు వెతుక్కుంటూ ఏటవాలుగా ఎడమకు వస్తాం. ఒక వరుస ఎగిరిపోతుంది, లేదా చదివినదే మళ్లీ చదువుతాం. అలా చేయకండి. చదివిన వరుస మీదుగానే వెనక్కి ఎడమకు రండి. మొదటికి చేరాక అప్పుడు ఒక్క మెట్టు కిందికి దిగండి. ఎడ్లు నాగలిసాలులో వెనక్కి వచ్చినట్టు అనుకోవచ్చు. నేను వరుస కింద అడుగు స్కేలు పెట్టి, యంత్రాన్ని దానికి ఆనించి రైలులా నడిపిస్తాను. బల్ల యంత్రం ఉన్నవారికి పలకలోనే బిగింపు మీట ఉంటుంది. దాన్ని కాస్త బిగిస్తే పలక పైకీ కిందికీ ఊరికే జారదు. మొదటి పదిహేను రోజులు కొందరికి తల తిరిగినట్టు, వాంతి వచ్చినట్టు ఉంటుంది. తెర మీద అక్షరాలు పరుగెత్తడం వల్ల అది. రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటే పోతుంది. నాకు వారం పట్టింది.

నాలాగ మధ్యచూపు పోయినవారు అక్షరాన్ని సూటిగా చూడకుండా కాస్త పైకో పక్కకో చూడటం నేర్చుకోవాలి. ఏ పక్కన చూస్తే స్పష్టంగా ఉందో ఆసుపత్రిలో పరీక్షించి చెబుతారు. నేను వరుసకు కొంచెం పైన చూస్తాను. అందుకే నాతో మాట్లాడేవారు నేను వారి నుదురు చూస్తున్నాననుకుంటారు.

రంగుల సంగతి

నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, నలుపు మీద పసుపు, నీలం మీద పసుపు, ఇలా చాలా ఉంటాయి. వెలుతురు పడనివారికి నలుపు తెర హాయి. ఎవరికి ఏది బాగుందో గంట చదివితేగాని తెలియదు, ఒక్క నిమిషం చూసి నిర్ణయించవద్దు. అయితే మ్యాపులకు, లిట్మస్ కాగితానికి, బొమ్మలకు తప్పనిసరిగా సహజ రంగులకు మార్చుకోవాలి. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో నిరోధకం మీది రంగు పట్టీలను పసుపు–నీలం అమరికలో చూసి వేసిన లెక్కకు మా ల్యాబ్ మొత్తం నవ్వింది. నునుపైన ఆర్టు కాగితం మీద దీపం మెరిసి అక్షరాలు కనిపించకపోతే యంత్రంలోని దీపాన్ని ఆపివేసి, పక్కనుండి గది వెలుతురు పడేలా కూర్చోండి. ట్యూబులైటు కింద తెర మీద చారలు పాకుతూ కనిపిస్తే యంత్రం పాడైందని భయపడకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, చోక్ ట్యూబులైటు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. యంత్రం 60 హెర్ట్జ్‌కు అమర్చి ఉంటే కెమెరాకు, దీపానికి పొంతన కుదరదు. కొన్నిటిలో దీన్ని 50కి మార్చే వీలుంటుంది. లేకుంటే కిటికీ దగ్గరకు పోవడమే.

రాయడం కూడా దీని కిందే చేయవచ్చు. యంత్రం వెనక కాలు విప్పి నిలబెడితే పెన్ను పట్టేంత సందు ఉంటుంది. చూపు చేతి మీద కాదు, తెర మీద ఉండాలి. మొదట గీతలు వంకరపోతాయి. సంతకంతో మొదలుపెట్టండి. నల్ల జెల్ పెన్ను వాడండి, నీలం బాల్ పెన్ను కంటే ఎంతో నయం.

నేను చేసిన తప్పు

ఇక సంరక్షణ. ఇది రాయడానికే అసలు ఈ వ్యాసం. 2022 వేసవి సెలవులకు ఊరికి పోతూ, ఎక్కడైనా పడిపోతుందని భయపడి నా యంత్రాన్ని కాలేజీ హాస్టల్లోనే ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. రేకుల షెడ్డు గది. పెట్టే ముందు బ్యాటరీని పూర్తిగా నింపాను, మంచి పని చేస్తున్నాననుకుని. నెలన్నర తర్వాత వచ్చి తెరిస్తే తెర ఒక అంచున పైకి లేచి ఉంది. బ్యాటరీ పూరీలా ఉబ్బింది. సెమిస్టరు పరీక్షలకు పద్దెనిమిది రోజులు ఉన్నాయి. ఆ పద్దెనిమిది రోజులూ నా రూమ్మేటు తన చదువు మానుకుని నాకు బిగ్గరగా చదివి వినిపించింది. తనకు ఒక పేపరు పోయింది. నా పేపర్లన్నీ పాసయ్యాయి. దీని గురించి తను ఇంతవరకు ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఆ ట్రంకు పెట్టె గుర్తుకొస్తే ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

లిథియం బ్యాటరీకి రెండు శత్రువులు. ఒకటి వేడి, రెండోది నిండుగా నింపి గానీ పూర్తిగా ఖాళీ చేసి గానీ చాలాకాలం పక్కన పెట్టడం. రెండూ కలిస్తే నాకు జరిగినదే జరుగుతుంది. వాడకుండా ఉంచవలసి వస్తే సగం చార్జింగ్‌తో, ఆపివేసి, చల్లని నీడచోట ఉంచాలి. నెలకొకసారి తీసి చూసి మళ్లీ సగానికి నింపాలి. రోజువారీ వాడకంలో ఐదోవంతుకు తగ్గగానే చార్జింగ్ పెట్టండి, అది చచ్చేదాకా ఆగవద్దు. రాత్రంతా పరుపు మీద, దిండు కింద చార్జింగ్ పెట్టవద్దు. నేల మీదో బల్ల మీదో, గాలి తగిలేచోట పెట్టాలి. తెర అంచు పైకి లేచినా, వెనక మూత బిగుతుగా మారినా, చెయ్యి కాలినంత వేడెక్కినా వెంటనే ఆపండి. ఉబ్బిన బ్యాటరీని పిన్నుతో గుచ్చడం, నొక్కి మూత పెట్టడం చేయరాదు, నిప్పు అంటుకుంటుంది. దుప్పట్లకు, పుస్తకాలకు దూరంగా బయట ఉంచి, తెలిసిన మెకానిక్‌కు ఇవ్వాలి. చెత్తకుండీలో వేయకూడదు.

చార్జర్ విషయంలో మన హాస్టల్ అలవాటు ప్రమాదకరం. పిన్ను పట్టింది కదా అని ఎవరిదో పెట్టేస్తాం. గుండ్రటి పిన్ను చార్జర్లలో 5 వోల్టులది, 9 వోల్టులది, 12 వోల్టులది చూడటానికి ఒకేలా ఉండవచ్చు. ధన, రుణ ధ్రువాలు కూడా తారుమారు కావచ్చు. యంత్రం మీద రాసిన వోల్టులు, చార్జర్ మీద రాసిన వోల్టులు ఒకటేనా అని చూడండి. ఆ అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి. ఇంకేం, యంత్రంతోనే చదవండి. వేడినీళ్ల కాయిల్ పెట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డులో దీన్ని పెట్టవద్దు. బల్ల యంత్రమైతే ఉరుములు, మెరుపులు వచ్చినప్పుడు ప్లగ్గు తీసేయాలి.

శుభ్రం చేయడం

"బొమ్మ మసకగా ఉంది, రిపేరుకు ఇవ్వాలి" అని నా దగ్గరకు వచ్చినవారిలో ఎక్కువమంది సమస్య కొబ్బరినూనె. తల దువ్వుకున్న వేళ్లతో యంత్రం వెనక భాగం పట్టుకుంటాం, కెమెరా ముందున్న చిన్న అద్దం సరిగ్గా అక్కడే ఉంటుంది. దాని మీద నూనె పొర, ఆ పొర మీద చాక్‌పీసు పొడి. అలాంటప్పుడు తెరను ఎంత తుడిచినా లాభం లేదు. వెనక్కి తిప్పి ఆ అద్దాన్ని తుడవండి. ముందు దుమ్మును ఊది గాని, మెత్తటి బ్రష్షుతో గాని తొలగించాలి. ఆ తర్వాత కళ్లజోడుతో ఇచ్చే మెత్తటి గుడ్డతో తుడవాలి. చున్నీ కొంగుతో తుడవవద్దు, దాని మీది దుమ్ము గీతలు పెడుతుంది. తడి అవసరమైతే గుడ్డ మీద రెండు చుక్కల నీళ్లు, యంత్రం మీద కాదు. కరోనా రోజుల్లో కొందరు శానిటైజరుతో తుడిచి తెర పైపూత పోగొట్టుకున్నారు. అద్దం శుభ్రంగా ఉన్నా మసకగా ఉంటే, యంత్రం కాగితానికి సమంగా ఆనిందా, కాలు విప్పి ఉందా మూసి ఉందా చూడండి. చాలా రకాలకు కెమెరా దూరం స్థిరంగా ఉంటుంది. పుస్తకం కుట్టు దగ్గర కాగితం ఉబ్బితే అక్కడ మసక రావడం సహజం.

బల్ల యంత్రం పలక కింద పట్టాలు ఉంటాయి. అవి కిర్రుమంటే కుట్టుమిషన్ నూనె పోసినవారు ఉన్నారు. నూనెకు దుమ్ము అంటుకుని వారానికే పలక మొరాయించింది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. పలక మీద మోచేతులు ఆనించి కునుకు తీయవద్దు. యంత్రాన్ని జరిపేటప్పుడు పలకను బిగించి, అడుగు పట్టుకుని ఎత్తాలి, తెర పట్టుకుని కాదు.

వానలో తడిస్తే వెంటనే ఆపివేసి, ఆన్ చేసి చూడాలనే ఆత్రం, చార్జింగ్ పెట్టాలనే ఆత్రం రెండూ అణచుకుని, ఫ్యాను గాలికి రెండు రోజులు ఆరనివ్వాలి. బియ్యం డబ్బాలో పెట్టమంటారు. పెద్దగా ఉపయోగం ఉండదు, తవుడు పొడి చార్జింగ్ రంధ్రంలోకి పోతుంది. చీమలు మాత్రం నిజమైన శత్రువులు. బెల్లం, మిక్చరు ఉన్న సంచిలో యంత్రం పెట్టకండి. ఇంకొకటి: మా గదిలో అమ్మాయిలు దీన్ని పేలు చూసుకోవడానికి అడిగేవారు. 10 రెట్ల పేనును చూసిన తర్వాత ఇద్దరు రాత్రి అన్నం తినలేదు. స్నేహం కోసం ఇవ్వండి, కాని మళ్లీ నూనె తుడుచుకోండి.

యంత్రం కొనలేనివారికి

వీటి ధర వేలల్లో ఉంటుంది, బల్ల రకాలు లక్ష దాటినవీ ఉన్నాయి. నాది ఒక దాత ఇచ్చినది. ముందు చేయవలసింది కంటి ఆసుపత్రిలో లో విజన్ విభాగానికి వెళ్లి పరీక్ష చేయించుకోవడం. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో, విశాఖపట్నం, విజయవాడల్లోని దాని శాఖల్లో చూపు తక్కువైనవారికి ప్రత్యేక సేవలున్నాయి. తర్వాత సదరం సర్టిఫికెట్టు, యూడీఐడీ కార్డు. వైకల్యం 40 శాతం లేక అంతకు మించి ఉంటేనే చాలా సదుపాయాలు వర్తిస్తాయి. పరికరాలకు కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం ఉంది, జిల్లా దివ్యాంగుల సంక్షేమ శాఖలో అడగాలి.

ఈలోగా ఫోను ఉంది. ఐఫోన్‌లో భూతద్దం లోపలే వస్తుంది, ఆండ్రాయిడ్‌లో కెమెరాను రెండు రెట్లు పెంచినా పని జరుగుతుంది. చెయ్యి వణకకుండా నోటుపుస్తకాలతో రెండు దొంతరలు, ఒక జానెడు కంటే కాస్త తక్కువ ఎత్తులో, పెట్టి వాటి మీద ఫోను అడ్డంగా ఉంచండి. మధ్యలో పుస్తకం జరపండి. నేను యంత్రం రిపేరులో ఉన్న నెలంతా, పరీక్షలయ్యాక, ఇలాగే చదివాను. కాని ఫోనును పరీక్ష హాలులోకి రానివ్వరు. పరీక్ష రాసేవారికి విడి యంత్రం అవసరమని వాదించేటప్పుడు ఈ మాట గట్టిగా చెప్పండి.

పరీక్ష హాలులో

డిగ్రీ రెండో సెమిస్టరులో ఒక పరీక్షా కేంద్రంలో గేటు దగ్గరే నా యంత్రం తీసుకున్నారు. "ఇందులో కెమెరా ఉంది" అన్నారు. ఉంది, నిజమే. నేను ముందుగా అనుమతి రాయించుకోలేదు. ఆ రోజు ప్రశ్నపత్రం ఇన్విజిలేటర్ గారు ఒక్కసారి చదివి వినిపించారు, మిగిలినదంతా జ్ఞాపకం మీదే రాశాను.

2018 ఆగస్టు 29న కేంద్ర సాంఘిక న్యాయ, సాధికారత మంత్రిత్వశాఖ రాతపరీక్షలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉండి, రాయడానికి ఇబ్బంది ఉన్నవారికి గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. మూడు గంటల పరీక్షకు ఒక గంట. రాసిపెట్టేవారిని, చదివిపెట్టేవారిని కోరవచ్చు, సహాయక పరికరాలు వాడుకోవచ్చు. అయినా గేటు దగ్గర ఉన్న మనిషికి ఆ కాగితం తెలిసి ఉంటుందని అనుకోరాదు. ఫీజు కట్టేటప్పుడే ప్రిన్సిపాల్ గారి ద్వారా దరఖాస్తు పెట్టండి. యంత్రం పేరు, దాని ఫోటో జతచేసి, "ఇందులో సిమ్ లేదు, ఇంటర్నెట్ లేదు, మెమరీ కార్డు తీసివేయబడింది" అని రాయండి. కొన్నిటిలో బొమ్మలు దాచుకునే వీలుంటుంది. అలాంటివి ముందురోజే తుడిచివేయాలి, లేకుంటే తప్పు మనదే అవుతుంది. అనుమతి కాగితం రెండు జిరాక్సులు. అరగంట ముందు వెళ్లి చీఫ్ సూపరింటెండెంట్ గారికి యంత్రం చూపించి, ఆయన చేతే ఒకసారి వాడించండి. చూసినవారు ఎవరూ తర్వాత అడ్డుపెట్టలేదు, "మా నాన్నగారికి ఇలాంటిది ఎక్కడ దొరుకుతుందమ్మా?" అని అడిగారు. ప్లగ్గు దగ్గర సీటు అడగండి. చార్జర్ వెంట ఉండాలి.

ఎం.ఎస్సీ. అయిపోయాక స్కాలర్‌షిప్పు డబ్బుల్లో మిగిలినవాటితో నేను ఇంకొక యంత్రం కొనుక్కున్నాను. ఆరువందల రూపాయలతో కొత్త బ్యాటరీ వేయించిన పాతది ఇప్పుడు మన హాస్టల్ లైబ్రరీ బీరువాలో, పై అరలో, నీలం సంచిలో ఉంది. తాళం వార్డెన్ మేడమ్ గారి దగ్గర అడగండి. ప్రతి నెలా మొదటి ఆదివారం తీసి సగం చార్జింగ్ పెట్టే బాధ్యత తొమ్మిదో తరగతి వారు తీసుకున్నారు. ఎర్ర దారం కట్టినది దాని చార్జర్. వేరేది పెట్టకండి.